నేల లేని గ్రహాలు

1995 డిసెంబరు 7న గురుగ్రహపు మేఘాల్లోకి ఒక చిన్న యంత్రం దూకింది. గెలీలియో వ్యోమనౌక దాన్ని దాదాపు ఆరేళ్లు మోసుకెళ్లి, గమ్యానికి ఐదు నెలల ముందు ఒంటరిగా వదిలిపెట్టింది. బరువు 339 కిలోలు. సెకనుకు 47 కిలోమీటర్ల వేగంతో వెళ్లి వాతావరణాన్ని తాకేసరికి, తన బరువుకు 228 రెట్ల ఒత్తిడి దాని మీద పడింది. వేడి తగలకుండా తొడిగిన 152 కిలోల కవచంలో సగానికి పైగా కాలి ఆవిరైపోయింది. అంత జరిగినా పారాచూట్ విచ్చుకుంది, పరికరాలు పనిచేశాయి. 58 నిమిషాల పాటు ఆ యంత్రం తాను కొలిచిందంతా పైకి పంపుతూ దిగింది. చివరి కబురు వచ్చేసరికి చుట్టూ పీడనం మన గాలి పీడనానికి 22 రెట్లు దాటింది, వేడి 150 డిగ్రీల సెల్సియస్ దాటింది.

అప్పటికి అది దిగిన లోతు సుమారు 156 కిలోమీటర్లు. గురుగ్రహం వ్యాసార్థం 71,492 కిలోమీటర్లు. అంటే ఆ యంత్రం చూసింది అందులో నాలుగు వందలో వంతు కూడా కాదు. ఇంతవరకు ఏ వాయుమహాగ్రహం లోపలైనా మనిషి చేసిన పరికరం అక్కడి గాలిని పట్టి పరీక్షించిన అతి పెద్ద లోతు ఇదే. మాట ఆగిపోయాక కూడా యంత్రం పడుతూనే ఉండి ఉంటుంది. ముందు పారాచూట్ కరిగి ఉంటుంది, తరవాత అల్యూమినియం భాగాలు, చివరికి టైటానియం తొడుగు. అది దేన్నీ గుద్దుకోలేదు. గుద్దుకోవడానికి అక్కడ ఏమీ లేదు. కొంచెం కొంచెంగా ఆవిరై, గ్రహంలో కలిసిపోయింది.

నేల లేదంటే మనకు వెంటనే తోచే బొమ్మ ఒకటుంది: పైన దట్టమైన మేఘాలు, వాటి కింద ద్రవ హైడ్రోజన్ సముద్రం, ఆ సముద్రానికి అలలు. చాలా పుస్తకాల్లో ఇలాంటి బొమ్మలే వేశారు. ఇది తప్పు అని గట్టిగా చెప్పవచ్చు. ఎందుకో తెలుసుకుంటే ఈ గ్రహాల స్వభావం సగం అర్థమైనట్టే.

వాయువును నొక్కితే ద్రవం అవుతుందని బడిలో చదువుకున్నాం. వంటగ్యాసు సిలిండరులో జరిగేది అదే. కానీ ప్రతి వాయువుకూ సందిగ్ధ ఉష్ణోగ్రత అని ఒకటుంది. ఆ వేడి దాటిన తరవాత ఎంత నొక్కినా వాయువులోంచి ద్రవం విడిపోదు, రెంటి మధ్య గీత ఏర్పడదు. పదార్థం చిక్కబడుతూ పోతుందే తప్ప ఫలానా చోట వాయువు ఆగిపోయింది, ద్రవం మొదలైంది అని చూపించలేం. హైడ్రోజన్‌కు ఈ హద్దు మైనస్ 240 డిగ్రీల సెల్సియస్. గురుగ్రహంలో అన్నిటికన్నా చల్లగా ఉండే పై పొరలో కూడా మైనస్ 160 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. కాబట్టి ఆ గ్రహంలో ఎక్కడా హైడ్రోజన్ సముద్రానికి ఉపరితలం ఉండే అవకాశమే లేదు. దిగేకొద్దీ గాలి చిక్కనవుతుంది, వేడెక్కుతుంది, కొన్ని వేల కిలోమీటర్ల తరవాత ద్రవంలా ప్రవర్తిస్తుంది. ఆ మార్పు ఎక్కడ జరిగిందో అక్కడున్న వాళ్లకు కూడా తెలియదు.

మరి గ్రహం వ్యాసార్థం ఇంత అని ఎక్కడినుంచి కొలిచారు? ఇది శాస్త్రవేత్తలు కుదుర్చుకున్న ఒప్పందం. పీడనం 1 బార్ ఉన్నచోట, అంటే దాదాపు మన సముద్రమట్టం దగ్గరి గాలి పీడనం ఉన్నచోట, గ్రహం మొదలైనట్టు లెక్క. గురుగ్రహంలో అక్కడి వేడి సుమారు మైనస్ 108 డిగ్రీలు. చుట్టుపక్కల అమ్మోనియా మంచు మేఘాలుంటాయి. వాటి దిగువన అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసి గడ్డకట్టిన మేఘాలు, ఇంకా దిగువన నీటి మేఘాలు ఉంటాయి. మనం టెలిస్కోపులో చూసే చారలు, మచ్చలు, సుడులు అన్నీ ఈ పైపొర వ్యవహారమే. అందం అంతా అక్కడే ఉంది కాబట్టి వాటి గురించే ఎక్కువ రాస్తారు. ఈ అధ్యాయంలో మాత్రం వాటిని దాటి కిందికి పోదాం.

కింద ఉన్నదేమిటో ఊహించడానికి మొదటి ఆధారం సాంద్రత. గురుగ్రహం బరువు 318 భూములంత. అయినా సగటున ఒక ఘన సెంటీమీటరుకు 1.33 గ్రాములే. శని బరువు 95 భూములంత, సాంద్రత 0.69 గ్రాములు. ఇంత బరువుతో తన్ను తాను నొక్కుకునే గ్రహం ఇంత తేలిగ్గా ఉండాలంటే అది రాయితో, మంచుతో చేసినదై ఉండదు. అతి తేలికైన హైడ్రోజనే ప్రధానంగా ఉండాలి. 1958లో వెండెల్ డిమార్కస్ ఈ లెక్కను వివరంగా వేసి, గురుగ్రహంలో అత్యధిక భాగం హైడ్రోజనేనని చూపించాడు.

శని సాంద్రత నీటికన్నా తక్కువ కాబట్టి తగినంత పెద్ద సముద్రం దొరికితే అందులో తేలుతుందని పిల్లలకు చెబుతుంటారు. ఈ మాట మానేస్తే మంచిదని నా అభిప్రాయం. 0.69 అన్నది సగటు. పై పొరల్లో శని మన గాలికన్నా పలచన, నడిబొడ్డున నీటికన్నా ఎన్నో రెట్లు చిక్కన. తేలుతుందని విన్న పిల్లవాడు అది బెండుముక్కలా మొత్తం ఒకే తీరుగా ఉందనుకుంటాడు. ఈ గ్రహాల గురించి ఆ అభిప్రాయం ఒక్కటీ పడకూడదు.

గురుగ్రహంలో పది, పదిహేను వేల కిలోమీటర్లు దిగితే పీడనం మన గాలికి పది లక్షల రెట్లు దాటుతుంది. ఇక్కడ హైడ్రోజన్ పూర్తిగా వేరే పదార్థమవుతుంది. మామూలుగా రెండు హైడ్రోజన్ పరమాణువులు జతకట్టి, తమ ఎలక్ట్రాన్లను మధ్యలో బంధించుకుని ఉంటాయి. పీడనం పెరిగి పరమాణువులు ఒకదాని మీద ఒకటి పడేంత దగ్గరైనప్పుడు ఏ ఎలక్ట్రాన్ ఎవరిదో తేలదు. జతలు చెదిరిపోయి ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరగడం మొదలవుతుంది. అలా తిరిగే ఎలక్ట్రాన్లున్న పదార్థమే లోహం. రాగి తీగలో కరెంటు పారేది కూడా వీటివల్లనే. 1935లో యూజీన్ విగ్నర్, హిల్లర్డ్ హంటింగ్టన్ హైడ్రోజన్ లోహమవుతుందని కాగితం మీద లెక్కగట్టి చెప్పారు. దానికి రెండున్నర లక్షల వాతావరణాల పీడనం చాలనుకున్నారు. నిజానికి అంతకన్నా చాలా ఎక్కువే కావలసివచ్చింది. 1996లో అమెరికాలోని లివర్మోర్ ప్రయోగశాలలో వాయుతుపాకితో ఒక పలకను విసిరి, ద్రవ హైడ్రోజన్‌ను సుమారు 14 లక్షల వాతావరణాలకు నొక్కారు. సెకనులో పది లక్షల వంతుకన్నా తక్కువ సేపు అది లోహంలా కరెంటును పారనిచ్చింది. మన దగ్గర అంత క్షణికంగా కనబడిన పదార్థం గురుగ్రహంలో సింహభాగం. సౌరకుటుంబపు గ్రహాలన్నిటినీ కలిపి చూస్తే అత్యధికంగా ఉన్న పదార్థం కూడా ఇదే.

ఇది ఘనలోహం కాదు. అక్కడి వేడి వేల డిగ్రీలు, కాబట్టి పాదరసంలా పారే లోహం. లోపలి వేడికి అది అడుగునుంచి పైకి మరుగుతూ ఉంటుంది. గ్రహం పది గంటలకోసారి గిర్రున తిరుగుతూ ఉంటుంది. కరెంటు పారే ద్రవం ఇలా కదిలితే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. గురుగ్రహం అయస్కాంత క్షేత్రం మేఘాల దగ్గర మన భూమిదానికి పది రెట్లకు పైగా బలమైనది.

ఆ క్షేత్రం ఉన్నట్టు మొదట తెలిసింది రేడియో ద్వారా. 1955లో బెర్నార్డ్ బర్క్, కెనెత్ ఫ్రాంక్లిన్ మేరీలాండ్‌లో ఏరియళ్లు పరిచి వృషభరాశిలోని క్రాబ్ నెబ్యులా వైపు వింటున్నారు. మధ్యలో ఏదో గోల వినబడేది. దగ్గరలో పోయే వాహనం ఇంజను అనుకున్నారు మొదట్లో. కానీ ఆ గోల వచ్చే చోటు నక్షత్రాల మధ్య కొద్దికొద్దిగా జరుగుతోంది. అది గురుగ్రహం జరిగే దారి. ఆ రేడియో సందడి 9 గంటల 55 నిమిషాల 30 సెకన్లకు కాస్త తక్కువలో ఒక చుట్టు తిరిగి వస్తుంది. నేల లేని గ్రహానికి రోజు ఎంతో తేల్చింది అదే. మేఘాలను నమ్ముకుంటే మధ్యరేఖ దగ్గర ఒక లెక్క, పైన ఇంకో లెక్క వస్తుంది. అయస్కాంత క్షేత్రం లోపలి లోహంలో పాతుకుని ఉంది గనక అది చెప్పేదే అసలు రోజు.

శని విషయంలో ఈ ఉపాయం పారలేదు. శని అయస్కాంత అక్షం, అది తిరిగే అక్షం దాదాపు ఒక్కటే. అందుచేత గ్రహం తిరుగుతున్నా క్షేత్రంలో ఊగిసలాట కనబడదు. కాసినీ నౌక పదమూడేళ్లు శని చుట్టూ తిరిగినా ఆ గ్రహానికి రోజు ఎంతో ఒక పట్టాన తేలలేదు. చివరికి జవాబు ఒక వింత చోట దొరికింది. ఆ సంగతి కొంచెం తరవాత చెబుతాను.

ముందు వేడి సంగతి. గురుగ్రహం సూర్యుడినుంచి తీసుకునే శక్తికి దాదాపు రెట్టింపు వెలుపలికి పంపుతోంది. శని కూడా ఇంచుమించు అంతే. ఆ అదనం ఎక్కడిది? పుట్టినప్పుడు వాయువు నలువైపులనుంచీ వచ్చి పడ్డ వేడి ఇంకా చల్లారలేదు. చల్లారేకొద్దీ గ్రహం కొద్దికొద్దిగా కుంచించుకుంటుంది, కుంచించుకున్నప్పుడు మళ్లీ వేడి పుడుతుంది. గురుగ్రహానికి ఈ వివరణ ఇంచుమించు సరిపోతుంది. శనికి సరిపోదు. శని చిన్నది, 450 కోట్ల ఏళ్లలో ఇంతకన్నా బాగా చల్లారిపోయి ఉండాలి.

1977లో డేవిడ్ స్టీవెన్సన్, ఎడ్విన్ సాల్పీటర్ దీనికి చక్కని దారి చూపించారు. వేడి తగినంత ఉన్నంతవరకు లోహ హైడ్రోజన్‌లో హీలియం కరిగి ఉంటుంది. కొంత చల్లారాక ఇముడ్చుకోలేదు. హీలియం బొట్లుబొట్లుగా విడిపోతుంది. ఆ బొట్లు చుట్టూ ఉన్న హైడ్రోజన్‌కన్నా బరువు కాబట్టి వానలా లోపలికి పడతాయి. పడేటప్పుడు ఆ కదలిక వేడిగా మారుతుంది. గ్రహం లోతుల్లో వేల కిలోమీటర్ల మేర హీలియం వాన కురుస్తోందన్నమాట. శనిలో ఇది ఎప్పుడో మొదలైంది, గురుగ్రహంలో ఈమధ్యే మొదలై ఉండాలి.

ఇది వట్టి ఊహేనా? ఇక్కడే మన 1995 నాటి యంత్రం సాక్ష్యం చెప్పింది. గురుగ్రహం పై గాలిలో హీలియం, సూర్యుడు పుట్టిన వాయువులో ఉండాల్సినదానికన్నా కొంచెం తక్కువగా ఉంది. నియాన్ అయితే పదో వంతుకు పడిపోయింది. ఆర్గాన్, క్రిప్టాన్, జెనాన్ సూర్యుడిలోకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువే ఉండగా నియాన్ ఒక్కటే ఎందుకు మాయమైంది? నియాన్‌కు హీలియం బొట్లలో కరిగే గుణముంది. వానతోపాటు అదీ లోపలికి కొట్టుకుపోయింది. 150 కిలోమీటర్లు మాత్రమే దిగిన యంత్రం పదివేల కిలోమీటర్ల లోతులో కురిసే వానకు ఆనవాలు పట్టుకొచ్చింది. ఈ గ్రహాల చరిత్రలో నాకు అత్యంత ఇష్టమైన ఘట్టం ఇదే. 2021లో లేజర్లతో హైడ్రోజన్, హీలియం మిశ్రమాన్ని గురుగ్రహం లోతుల్లో ఉండే స్థితికి నొక్కి చూసినప్పుడు అవి విడిపోతున్న సూచనలు ప్రయోగశాలలోనూ కనబడ్డాయి.

ఇక గర్భం. గ్రహాలు ఎలా పుట్టాయో చెప్పే ప్రధాన సిద్ధాంతం ప్రకారం ముందు రాయి, మంచు కలిసి సుమారు పది భూముల బరువున్న ముద్ద ఏర్పడింది. తరవాత అది చుట్టూ ఉన్న హైడ్రోజన్, హీలియంలను వరదలా లాగేసుకుంది. కాబట్టి నడిమధ్యన ఆ ముద్ద గట్టి గింజలా ఉండాలని అందరూ అనుకున్నారు. పాత పుస్తకాల బొమ్మల్లో అది చక్కని గుండ్రని బంతిగా, దాని చుట్టూ పొరలు స్పష్టమైన గీతలతో ఉంటాయి.

2016 జులైలో గురుగ్రహం చేరిన జూనో నౌక ఆ గీతలను చెరిపేసింది. జూనో ధ్రువాల మీదుగా తిరుగుతూ ప్రతి చుట్టులోనూ మేఘాలకు నాలుగైదు వేల కిలోమీటర్ల దగ్గరికి దూసుకొస్తుంది. కింద పదార్థం ఎక్కడ చిక్కగా ఉంటే అక్కడ ఆకర్షణ కాస్త ఎక్కువ. దాంతో నౌక వేగంలో సెకనుకు మిల్లీమీటరులో చిన్న భాగమంత తేడా వస్తుంది. ఆ తేడా నౌక పంపే రేడియో అలల పౌనఃపున్యంలో కనబడుతుంది. అలా కొలిచిన ఆకర్షణ గట్టి గింజ బొమ్మకు సరిపోలేదు. 2017లో వచ్చిన లెక్కల ప్రకారం బరువైన మూలకాలు గ్రహం వ్యాసార్థంలో మూడో వంతు నుంచి సగం దాకా హైడ్రోజన్‌తో కలిసిపోయి విస్తరించి ఉన్నాయి. బయటికి వచ్చేకొద్దీ వాటి పాలు క్రమంగా తగ్గుతుందే తప్ప గింజకు అంచు లేదు. రాయి, మంచు లోహ హైడ్రోజన్‌లో కరుగుతాయని అంతకు ముందే లెక్కలు వేసినవాళ్లున్నారు. అయితే కరిగింది ఇంత దూరం ఎలా పైకి వచ్చింది? తొలిరోజుల్లో పది భూములంత ఇంకో ముద్ద వచ్చి గుద్ది, గర్భాన్ని చెదరగొట్టిందని కొందరంటారు. రాయి, వాయువు మొదటినుంచీ కలిసే వచ్చి పడ్డాయని మరికొందరంటారు. వాదన నడుస్తూనే ఉంది.

జూనో ఇంకో పాత ప్రశ్నకూ జవాబిచ్చింది. పైన కనబడే గాలుల చారలు ఎంత లోతు? సుమారు 3,000 కిలోమీటర్లు. అంతకు దిగువన గ్రహమంతా ఒకే వేగంతో తిరుగుతోంది. ఆ లోతులో హైడ్రోజన్ కొద్దిగా కరెంటును పారనిచ్చే స్థితికి వస్తుంది. అయస్కాంత క్షేత్రం దాన్ని పట్టి లాగి, వేరువేరు వేగాలతో పారకుండా ఆపుతుందని అనుకుంటున్నారు. ఇదే నిజమైతే శనిలో గాలులు ఇంకా లోతుకు పోవాలి, ఎందుకంటే శని ఆకర్షణ తక్కువ, అదే పీడనం రావడానికి ఎక్కువ దూరం దిగాలి. 2017లో కాసినీ తన చివరి చుట్లలో శనికీ వలయాలకూ మధ్య సందులోంచి దూరి కొలిచింది. లోతు దాదాపు 9,000 కిలోమీటర్లని తేలింది.

శని రోజు గురించి ఇందాక దాచిన మాట ఇదీ. భూమి లోపలి సంగతి భూకంపాల ద్వారా తెలుసుకున్నాం. నేల లేని శని మీద భూకంపమాపకం ఎక్కడ పెడతాం? పెట్టనక్కర్లేకపోయింది, వలయాలే ఆ పని చేస్తున్నాయి. శని లోపల పదార్థం సన్నగా కంపిస్తూ ఉంటుంది. దానితోపాటు గ్రహం ఆకర్షణ కూడా అతి స్వల్పంగా ఎక్కువ తక్కువలవుతుంది. వలయాల్లోని మంచుముక్కలు కొన్ని ప్రత్యేక దూరాల దగ్గర ఈ కంపనంతో లయ కలుపుతాయి, అక్కడ చుట్లుచుట్లుగా అలలు లేస్తాయి. ఇలా జరగవచ్చని మార్క్ మార్లీ చాలా ముందే ఊహించాడు. 2013లో మాథ్యూ హెడ్మన్, ఫిలిప్ నికల్సన్ కాసినీ కొలతల్లో ఆ అలలను గుర్తుపట్టారు. ఆ అలలను బట్టే శని రోజు 10 గంటల 33 నిమిషాల చిల్లర అని 2019లో లెక్క కుదిరింది. 2021లో శని గర్భం కూడా గట్టి గింజ కాదని, వ్యాసార్థంలో 60 శాతం దాకా పలచబడుతూ పరుచుకుందని, అందులో 17 భూములంత రాయి, మంచు ఉన్నాయని క్రిస్టఫర్ మాన్కొవిచ్, జిమ్ ఫుల్లర్ చూపించారు.

గురుగ్రహానికి ఇంకా వాయువు పోస్తే ఏమవుతుంది? పెద్దదవుతుందనుకుంటాం. పత్తి తీతల రోజుల్లో బోరెంలో పత్తి నింపేవాళ్లను చూస్తే సంగతి తెలుస్తుంది. కొంతవరకే ఎత్తు పెరుగుతుంది, ఆ తరవాత మీద వేసిన పత్తి బరువుకూ, తొక్కుడుకూ అడుగుది అణిగి, ఎంత పోసినా ఎత్తు అంతే ఉంటుంది. గ్రహం కూడా అంతే. ఈ హద్దును మొదట లెక్కగట్టినవారిలో మన దౌలత్ సింగ్ కొఠారీ ఒకరు. విద్యా కమిషన్ అధ్యక్షుడిగా ఆయన పేరు మన ఉపాధ్యాయులందరికీ తెలుసు. అంతకు ముప్పై ఏళ్ల ముందు, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెబుతున్న రోజుల్లో, వేడి లేకుండా పీడనం ఒక్కదానితోనే పరమాణువులు ఎలా చితికిపోతాయో ఆయన పరిశోధించారు. మరీ బరువైన శ్వేత కుబ్జ తారల్లో బరువు పెరిగితే పరిమాణం తగ్గుతుంది, చిన్న గ్రహాల్లో బరువు పెరిగితే పరిమాణం పెరుగుతుంది. అయితే ఈ రెంటి మధ్య ఎక్కడో ఒక గరిష్ఠం ఉండి తీరాలి. చల్లని ఖగోళ వస్తువు ఏదీ దాన్ని మించి పెద్దది కాలేదు. ఆ గరిష్ఠం ఇంచుమించు గురుగ్రహమంతే వస్తుందని 1930ల చివరలో ఆయన చూపించారు. ఇతర నక్షత్రాల చుట్టూ గ్రహాలు కనబడడానికి అది యాభై ఏళ్లకు పైగా ముందు.

ఇప్పుడు ఆ హద్దును కళ్లారా చూస్తున్నాం. సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ మొదట దొరికిన 51 పెగసీ బి గ్రహం 1995లోనే బయటపడింది. అప్పటినుంచీ దొరికిన వందలాది వాయుమహాగ్రహాల బరువులు గురుగ్రహంలో సగం నుంచి పదమూడు రెట్ల దాకా ఉన్నా, వ్యాసాలు చాలావరకు గురుగ్రహం చుట్టుపక్కలే ఉన్నాయి. తమ నక్షత్రానికి మరీ దగ్గరగా తిరుగుతూ కాగిపోతున్నవి మాత్రం ఉబ్బి ఉంటాయి. హెచ్‌డీ 209458 బి బరువు గురుగ్రహంలో మూడింట రెండొంతులే, వెడల్పు మాత్రం మూడో వంతుకు పైగా ఎక్కువ.

గురుగ్రహాన్ని నక్షత్రం కాబోయి ఆగిపోయిందని రాయడం మామూలైపోయింది. అది కొద్దిలో తప్పిపోయిన సంగతి కాదు. హైడ్రోజన్ మండి నక్షత్రం కావాలంటే ఇప్పుడున్న బరువుకు 75, 80 రెట్లు కావాలి. హైడ్రోజన్‌లో బరువైన రకం డ్యుటీరియం మండి, గ్రహానికీ నక్షత్రానికీ మధ్యరకమైన బ్రౌన్ డ్వార్ఫ్ కావాలన్నా 13 రెట్లు కావాలి. విశేషమేమంటే అతి చిన్న నక్షత్రాల పరిమాణం కూడా గురుగ్రహమంతే. 2017లో కొలిచిన ఒక నక్షత్రం శనికన్నా కాస్త పెద్దది, అంతే; అందులో 85 గురుగ్రహాల బరువుంది.

ఈ 13 రెట్ల సరిహద్దు దగ్గర ఒక గ్రహాన్ని మన దేశంనుంచే కొలిచారు. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబరేటరీ శాస్త్రవేత్తలు మౌంట్ ఆబూ శిఖరం మీద పారస్ అనే వర్ణపటమాపకాన్ని టెలిస్కోపుకు అమర్చి, నక్షత్రాల సన్నని ఊగులాటను కొలుస్తున్నారు. 2023లో వాళ్లు ప్రకటించిన టీఓఐ-4603బి తన నక్షత్రం చుట్టూ ఏడు రోజుల చిల్లరకోసారి తిరుగుతుంది. బరువు 13 గురుగ్రహాలకు ఇంచుమించు సమానం, వ్యాసం గురుగ్రహంకన్నా 4 శాతం మాత్రమే ఎక్కువ. సాంద్రత ఘన సెంటీమీటరుకు 14 గ్రాములు. అంటే సీసంకన్నా ఎక్కువ.